రెండో పేజీ

ఫిబ్రవరి 4

"వచ్చే ఏడు నేనే అడుగుతాను, అప్పుడు రెండో పేజీ పట్టుకురా" అన్నాడు చీఫ్ ఇంజనీరు. ముప్పై నాలుగేళ్ళయింది. అడగలేదు.

పొద్దున పేపరు విప్పగానే అదే గుర్తొచ్చింది. మొదటి పేజీలోనే వేశారు. దేశం మొత్తం మీద కరెంటు కార్లకు పన్నెండు వేల నాలుగు వందల ఛార్జింగ్ స్టేషన్లున్నాయట. అందులో నూటికి తొంభై అయిదు పనిచేస్తున్నాయట. కింద చిన్న అక్షరాల్లో: విద్యుత్ శాఖ తనిఖీ, ఫారం పదిహేడు ప్రకారం.

ఫారం పదిహేడు నాది. ఒక పేజీ, ఒక ప్రశ్న, ఒక టిక్కు. దీపం వెలుగుతోందా? అవును, కాదు. అంతకుముందు ఇనస్పెక్టర్లు పదకొండు పేజీలు నింపేవారు. నింపడమంటే కిందటేడువి చూసి ఎక్కించడం. నా ఫారం వచ్చాక స్తంభం కనిపించేదాకానైనా నడిచి వెళ్ళక తప్పలేదు. వీధి దీపాలకు రాశాను. తర్వాత పంపులకు వాడారు, ట్రాన్స్‌ఫార్మర్లకు వాడారు, ఇప్పుడు దీపం అన్న చోట స్క్రీన్ అని మార్చి ఛార్జర్లకూ వాడుతున్నారు. ఈ దేశంలో ఏ మూలైనా సరే, ఈ నిమిషాన ఎవడో ఒకడు నేను గీసిన గడిలో టిక్కు పెడుతూ ఉంటాడు. ఆఫీసులో నన్ను టిక్కు మాస్టారని వెక్కిరించేవాళ్ళు. వెక్కిరించినవాళ్ళు రాసిన కాగితాల్లో ఒక్కటీ ఇప్పుడు బతికి లేదు.

ఆ వార్త కత్తిరించుకుంటుంటే మా వాడు చూశాడు.

"నాన్నా, అందులో నీ పేరు లేదుగా."

"తాళంకప్ప మీద దాన్ని కనిపెట్టినవాడి పేరుంటుందిట్రా?"

కాలేజీలో చరిత్ర చెబుతాడు. అయినా ఇంతే.

రెండో పేజీ సంగతి వాడికి తెలియదు. కోడలికీ తెలియదు. తెలిసిన ఒక్క మనిషి, మా ఆవిడ, పోయి మూడేళ్ళయింది. పెట్టె సర్దినప్పుడల్లా ఆ కాగితాన్ని చీరల మధ్య జాగ్రత్తగా పెట్టేది. ఒక్క మాట అనేది కాదు.

ఫిబ్రవరి 5

చీఫ్ తొక్కిపెట్టాడు. అంతే సంగతి. ఆయన్ని ఆఫీసంతా వచ్చేఏడు గారనేవాళ్ళు. ఫ్యాను అడిగితే వచ్చే ఏడు, బదిలీ అడిగితే వచ్చే ఏడు. నా రెండో పేజీ కూడా అలాగే ఆయన బల్ల కింద పడి నలిగింది.

ఫిబ్రవరి 9

ఒళ్ళు మండుతోంది. ఉన్నదున్నట్టు రాస్తాను.

కోడలు ఆఫీసు నుంచి వచ్చి సంచీ కుర్చీలో పడేసింది. తనూ నేను చేసిన శాఖలోనే ఇంజనీరు. ఏప్రిల్‌తో ప్రొబేషన్ అయిపోతుంది. తూర్పు రేవు నుంచి పడమటి సరిహద్దు దాకా పెద్ద రోడ్డు మీదున్న అరవై ఒక్క స్టేషన్లను తనిఖీ చేసి రమ్మన్నారట. పైన ఒక డైరెక్టరున్నాడు. ప్రతి మాటకీ చివర ఒక నవ్వు అతికిస్తాడట, అందుకని తను ఇంట్లో నవ్వుల డైరెక్టరంటుంది.

"కారు పెట్టి చూస్తానన్నాను మామయ్యా. ప్రతి చోటా పావుగంట ఛార్జి ఎక్కించి చూస్తేగానీ పనిచేస్తోందో లేదో తెలియదన్నాను. ఏమన్నాడో తెలుసా? 'ఫారంలో ఆ గడి లేదమ్మా, హహ. స్క్రీన్ వెలిగితే టిక్కు పెట్టు, వెలక్కపోతే పెట్టకు, హహ. లేని గడి నింపితే నీ రిపోర్టు చెల్లదు. ఏప్రిల్ దగ్గర్లోనే ఉంది, హహ.'"

"ఫారం ప్రకారం చేస్తే తప్పేముంది?" అన్నాను.

"ఫారమే తప్పు. దాన్ని ఎవడు రాశాడో గానీ, వాడు జన్మలో కారు మొహం చూసినవాడు కాదు."

మా వాడికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. దగ్గుతూనే కళ్ళతో నావైపు చూపించాడు. కోడలు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీరా?"

"నేనే. నిజమే, అప్పుడు నా దగ్గర కారు లేదు. సైకిలుండేది."

క్షమాపణ చెబుతుందనుకున్నాను. కుర్చీలోంచి సంచీ తీస్తూ, "అయినా తప్పు తప్పే కదా మామయ్యా" అంది.

నాలుగేళ్ళయింది ఈ ఇంటికొచ్చి. ఇంత నోరుందని ఇవాళే తెలిసింది.

ఫిబ్రవరి 10

కత్తిరించిన ముక్క మళ్ళీ చదివాను. తొంభై అయిదు.

ఫిబ్రవరి 12

నవ్వుల డైరెక్టరు కోడలికిచ్చిన సహాయకుణ్ణి వెనక్కి తీసేసుకున్నాడు. తనిఖీ కాగితం మీద ఇద్దరి సంతకాలుండాలి. ఒక్కతే వెళితే రిపోర్టు దానంతటదే చెల్లకుండా పోతుంది. తెలివైన వెధవ.

నా గుమ్మం దగ్గర నిలబడి అడిగింది: "మామయ్యా, రిటైరైన ఇనస్పెక్టర్లు సాక్షి సంతకం చెయ్యొచ్చా?"

"రూలు నలభై రెండు. రెండో ఉపరూలు. చెయ్యొచ్చు."

"మరి వస్తారా?"

"నా ఫారాన్ని తిట్టిన మనిషితోనా?"

"మీ ఫారం కూడా నింపుతాను. స్క్రీన్ వెలిగితే టిక్కు పెడతాను. పక్కన నా నోటుబుక్కులో నా లెక్క నేను రాసుకుంటాను. రెండూ చూసి మీరే చెప్పండి."

ఒప్పుకున్నాను. కారులో పాటలు పెట్టకూడదన్నాను, ఫ్లాస్కులో టీ ఉండాలన్నాను. నా ఫారం మీద నాకు నమ్మకముంది కాబట్టే ఒప్పుకున్నాను.

రెండో పేజీని సూట్‌కేసులో అడుగున పెట్టాను. బట్టల కింద ఉంటే కాగితం మడత పడదు. ఇంకేం లేదు.

ఫిబ్రవరి 18

బయల్దేరాం. ఛార్జి పెట్టినప్పుడల్లా పావుగంట ఆగుతాం కాబట్టి ఆ పావుగంటల్లోనే ఇది రాస్తున్నాను.

ఒకటో స్టేషన్: రేవు బయట. స్క్రీన్ వెలుగుతోంది. కారుకు పెట్టే తీగ చివర పిడి ఉంటుంది, దాన్ని వీళ్ళు గన్ అంటారు. గన్ పెట్టగానే కారులో ఆకుపచ్చ దీపం వచ్చింది. నేను కోడలి వైపు చూశాను. టిక్కు పెట్టమని ఫారం అందించాను.

రెండో స్టేషన్: స్క్రీన్ వెలుగుతోంది. రంగురంగుల బొమ్మ, స్వాగతం అన్న మాట. గన్ పెడితే ఏమీ లేదు.

మూడోది: స్క్రీన్ వెలుగుతోంది. వేరే యాప్ వెయ్యాలట. వేశాక ఫోన్ నంబరు అడిగింది, తర్వాత కోడలి పుట్టినరోజు అడిగింది, తర్వాత సర్వర్ లేదంది.

నాలుగోది ఎక్కింది. అయిదోది స్క్రీన్ బ్రహ్మాండంగా వెలుగుతోంది, గన్నే లేదు. తీగ ఎవరో కోసుకుపోయారు.

అయిదుకు అయిదూ వెలిగాయి. నా ఫారం ప్రకారం నూటికి నూరు.

ఫిబ్రవరి 19

ఎనిమిదో స్టేషన్ దగ్గర ఒక టాక్సీ డ్రైవరు పొద్దుటి నుంచీ కూర్చుని ఉన్నాడు. సీటు వెనక్కి వాల్చుకుని, కాళ్ళు కిటికీలోంచి బయట పెట్టాడు.

"పనిచేస్తోందా బాబూ?" అని అడిగాను.

"దీని స్క్రీన్ మా ఇంట్లో టీవీ కన్నా బాగుంటుందండీ. కరెంటొక్కటే రాదు."

"మరెందుకు కూర్చున్నావ్?"

"తర్వాతి దానిదాకా వెళ్ళే ఛార్జి లేదు. ఆఫీసుకు ఫోన్ చేస్తే, మా రికార్డులో పనిచేస్తోంది కాబట్టి మనిషిని పంపడం కుదరదన్నారు. రికార్డులో కారు పెట్టుకోనా అని అడిగాను. పెట్టేశారు."

కోడలు నవ్వలేదు. నోటుబుక్కులో రాసుకుంది. కారులోకొచ్చాక తర్వాతి స్టేషన్ ఎంత దూరమో లెక్క చూసుకుంది. ఎత్తిపొడిచి ఉంటే బాగుండేది, నేను సమాధానం సిద్ధం చేసుకున్నాను.

ఫిబ్రవరి 20

వెనకటి ప్రయాణాల చరిత్రలు చాలా చదివాను. ఎడారిలో బిడారులు వెళ్ళేటప్పుడు చేతిలో పటాలుండేవి. పటంలో బావి గుర్తుండేది. గుర్తు పెట్టినవాడు బావి గట్టు చూసి పెట్టేవాడు, చేద వేసి చూసేవాడు కాదు. ఆ గట్టు దాకా వెళ్ళి దాహంతో పోయినవాళ్ళ సంగతి ముప్పై ఏళ్ళ కిందటే చదివి, ఆ పటం గీసినవాణ్ణి కడుపారా తిట్టుకున్నాను.

ఇప్పటికి పదిహేడు స్టేషన్లలో తొమ్మిదింటిలోనే ఛార్జి ఎక్కింది.

ఫిబ్రవరి 21

ఇవాళ కారు ఆగిపోయేదే. పద్దెనిమిదోది స్క్రీన్ వెలిగింది, ఛార్జి ఎక్కలేదు. ఆ ఊళ్ళోనే మా పాత టైపిస్టు ఉంటుందని నాకు తెలుసు. వెతుక్కుంటూ వెళ్ళాం. ఇంటి కిటికీలోంచి తీగ లాగి మామూలు ప్లగ్గుకు పెడితే చాలినంత ఎక్కడానికి ఆరు గంటలు పడుతుందంది కోడలు. పొద్దున తొమ్మిదింటికి తగిలించాం.

తలుపు తీస్తూనే టైపిస్టు గారు, "ఎవరూ, టిక్కు మాస్టారేనా! ఇంకా ఉన్నారా?" అంది.

"ఉన్నాను. మీరూ ఉన్నారుగా."

"నాకు పనులున్నాయి కాబట్టి ఉన్నాను. మీకేం పని?"

కోడలికి ఆవిడ వెంటనే నచ్చేసింది. ఇద్దరూ వంటింట్లో స్టూళ్ళు వేసుకుని కూర్చున్నారు. నేను గుమ్మంలో కుర్చీ వేసుకుని తీగను కాపలా కాస్తున్నాను.

"పిన్నిగారూ, ఫారం పదిహేడు మీరే టైపు చేశారటగా?"

"ఒక పేజీ చేశాను. రెండోది చెయ్యనిచ్చారా ఈయన?"

"రెండోదేమిటి?"

నేను తీగ కేసి చూశాను.

"మామగారు చెప్పలేదా? భలే మనిషండీ మీరు మాస్టారూ. చీఫ్ గారు సంతకం చేసి పంపారమ్మా రెండు పేజీలకీ. ఈ ఏడు ఒక పేజీకే కాగితం ఉంది, రెండోది టైపు చేసి ఉంచండి, అచ్చు వచ్చే ఏడు వేయిద్దాం అని రాశారు. నేను కాగితం ఎక్కించి మూడు గీతలు కొట్టాను కూడా. ఈయన దబదబా వచ్చారు. నీలం గళ్ళ చొక్కా. బయట వాన. 'వచ్చే ఏడట! ఆయనొచ్చి అడిగినప్పుడిస్తాను' అని మిషన్లోంచి కాగితం సర్రున లాగేశారు, పక్కనున్న సంతకం ప్రతి కూడా పట్టుకుపోయారు. రోలరు చెడింది, రెండు వారాలు పని ఆగింది నాకు."

"తర్వాత?"

"తర్వాతేముంది. బదిలీ అయి వెళ్ళేముందు చీఫ్ గారు నన్నడిగారు, ఆ రెండో పేజీ ఏదని. మాస్టారి దగ్గరుందన్నాను. సరే ఆయన్నే అడుగుతాలే అన్నారు. ఆ సాయంత్రమే వెళ్ళిపోయారు."

"నన్ను అడగలేదు" అన్నాను గుమ్మంలోంచి.

"ఆ రోజు మీరు సెలవు పెట్టారు. వీడ్కోలు సభకు రాకూడదని" అంది ఆవిడ. "టీలో చక్కెర ఎన్ని చెంచాలు?"

టైపిస్టు గారికి వయసు మీద పడింది. మతిమరుపు. మనుషులు అలా కలగలిపేస్తారు.

చొక్కా రంగు మాత్రం సరిగ్గానే చెప్పింది.

ఫిబ్రవరి 22

నలభై కిలోమీటర్లు వచ్చాం. పాటలు పెట్టుకోమన్నాను. వద్దంది.

తర్వాత రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండానే అడిగింది:

"మామయ్యా, రెండో పేజీ మీ దగ్గరుందా?"

ఈ ముక్క ఎవరైనా అంటారని ముప్పై నాలుగేళ్ళు చూశాను. అన్నప్పుడు ఏం చెప్పాలో కూడా తయారుగా ఉండేది, చిన్న ఉపన్యాసం లాంటిది.

"ఉంది."

"ఇంట్లోనా?"

"వెనక డిక్కీలో."

కారు పక్కకు తీసి ఆపేసింది. నేను దిగి సూట్‌కేసు తెరిచి అడుగు నుంచి తీసిచ్చాను. బానెట్ మీద పరుచుకుని చదివింది. గాలికి ఎగరకుండా నాలుగు వేళ్ళూ ఆనించి పట్టుకుంది. మూడే ప్రశ్నలు.

ఒకటి. లోడు పెట్టి పావుగంట చూశారా?

రెండు. అక్కడ ఎదురుచూస్తున్న మనిషి ఏమన్నాడు?

మూడు. పనిచెయ్యకపోతే జవాబు చెప్పాల్సిన మనిషి పేరు.

"సైకిలు రోజుల్లో రాశారా ఇది?"

"పంపుసెట్ల గురించి రాశాను. మీటరు తిరుగుతుంది, నీళ్ళు రావు. ఎవర్ని తిట్టాలో తెలియక రైతులు మమ్మల్ని తిట్టేవాళ్ళు."

మూల మీద పచ్చ సిరాతో ఉన్న రాతను వేలితో తడుముతూ చదివింది. 'రెండు పేజీలూ ఆమోదం. అచ్చు వచ్చే ఏడు. అడుగుతాను.' కింద చీఫ్ సంతకం, తేదీ, ఫైలు నంబరు.

"మామయ్యా, దీన్ని ఎవరైనా రద్దు చేశారా?"

"ఎలా చేస్తారు? ఇదుందని తెలిస్తేగా."

"అంటే ఇది చెల్లే ఫారం. ఇవాళ్టికీ. గడి లేదన్నాడు కదా నవ్వుల డైరెక్టరు? ఇదిగో గడి!"

రోడ్డు పక్కన నిలబడి చిన్నపిల్లలా గెంతింది. లారీవాడెవడో హారన్ కొట్టి వెళ్ళాడు. కారులో కూర్చుని బెల్టు పెట్టుకున్నాక చల్లగా అంది:

"మరి ఇన్నేళ్ళూ మీరైనా ఇవ్వచ్చుగా?"

"ఆయన అడగలేదు."

"సరే, ఆయన వెళ్ళిపోయాడు. తర్వాత ఆరుగురు చీఫ్‌లొచ్చారు కదా?"

"వాళ్ళూ అడగలేదు."

"వాళ్ళకి తెలిస్తేగా మామయ్యా."

దానికి సమాధానం ఉంది. దొరికినప్పుడు రాస్తాను.

ఫిబ్రవరి 25

ముప్పై మూడోది సిమెంటు బస్తాల వెనకుంది. ముప్పై అయిదోది గేటు లోపల, గేటుకు తాళం, తాళంచెవి ఉన్నవాడు పెళ్ళికెళ్ళాడు. రెండింటి స్క్రీన్లూ సందులోంచి కనిపిస్తున్నాయి. వెలుగుతున్నాయి. ఫారం పదిహేడులో టిక్కు పెట్టడానికి దూరం నుంచి చూస్తే చాలు. నేను పెట్టిన రూలే.

రెండో పేజీకి నకళ్ళు తీయించి ప్రతి స్టేషన్‌కీ ఒకటి నింపుతున్నాం. మొదటి పద్దెనిమిదికీ కోడలు తన నోటుబుక్కులోంచి ఎక్కించింది. మూడో గడి దగ్గర ఆవిడ పట్టు చూడాలి. జవాబు చెప్పాల్సిన మనిషి ఎవరని ఫోన్ చేస్తుంది. వీళ్ళు వాళ్ళంటారు, వాళ్ళు వీళ్ళంటారు. కరెంటువాళ్ళు కంపెనీ అంటారు, కంపెనీ స్థలం యజమాని అంటుంది, యజమాని కరెంటువాళ్ళంటాడు. చివరికి ఒక పేరు దొరికేదాకా వదలదు. నిన్న ఒక పేరు కోసం పదకొండు ఫోన్లు చేసింది. పేరు ఇచ్చినవాడు భయంతో ఆ సాయంత్రానికే మనిషిని పంపి బాగు చేయించేశాడు.

పేరు రాస్తే చాలు, సగం రోగం కుదురుతుంది. ముప్పై నాలుగేళ్ళ కిందట ఇదే చెప్పాను నేను!

ఫిబ్రవరి 27

నలభయ్యో స్టేషన్ గురించి విడిగా రాయాలి. చిన్న క్యాంటీన్ పక్కన ఉంది. స్క్రీన్ చచ్చిపోయి ఉంది, నల్లగా. నా ఫారం ప్రకారం పనిచెయ్యదు. 'కాదు' దగ్గర టిక్కు పెట్టేసి వెళ్ళిపోవాలి.

క్యాంటీన్ నడిపే ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "దాని మొహం చూడకండి, పెట్టి చూడండి" అంది. పెట్టాం. ఇప్పటిదాకా చూసినవాటిలో దేనిలోనూ అంత వేగంగా ఎక్కలేదు. స్క్రీన్ పోయి ఏడాదయిందట. రోజూ పొద్దున గన్ లోపలి పిన్నులు పొడిగుడ్డతో తుడుస్తుందట, వానొస్తే ప్లాస్టిక్ సంచీ తొడుగుతుందట.

"నీకెవరు చెప్పారమ్మా ఇది చెయ్యమని?"

"ఎవరు చెప్పాలి? ఎదురుగా పెట్టి వెళ్ళారు. మా దగ్గర టీ తాగేది కూడా దీనికొచ్చినవాళ్ళేగా."

దేశం మొత్తం మీద సరిగ్గా పనిచేస్తున్న ఛార్జరును నా ఫారం చచ్చిందంటుంది. చచ్చినవాటిని బతికున్నాయంటుంది. కోడలు రెండు టీలు తెచ్చి ఒకటి నా చేతికిచ్చింది. సాక్షి సంతకం చేశాను.

మార్చి 3

పడమటి సరిహద్దు. అరవై ఒకటీ అయ్యాయి.

స్క్రీన్ వెలిగినవి యాభై ఎనిమిది. అంటే నూటికి తొంభై అయిదు. పేపరువాళ్ళు ఒక్క అంకె కూడా తప్పు వెయ్యలేదు.

కారుకు నిజంగా కరెంటిచ్చినవి ఇరవై తొమ్మిది.

మార్చి 6

నవ్వుల డైరెక్టరు ఇంటికే వచ్చాడు. సోఫాలో కూర్చుని నన్ను పొగిడాడు.

"మీ ఫారం మాకు వేదం సార్, హహ. మీలాంటి పెద్దలు ఈ అమ్మాయికి నచ్చజెప్పాలి. మంత్రిగారు తొంభై అయిదని చెప్పేశారు. ఇప్పుడు సగం కూడా పనిచెయ్యవంటే ఎవరి పరువు? ముందు మీ ఫారం పరువే పోతుంది, హహ. మీ ఫారం ఒక్కటే ఉంచి, ఆ రెండోది తీసెయ్యమనండి. ఏప్రిల్లో ఉద్యోగం ఖాయం చేయించే పూచీ నాది."

కోడలు ద్వారం దగ్గర నిలబడి ఉంది. మా వాడు పుస్తకం తలకిందులుగా పట్టుకుని చదువుతున్నాడు.

నా జన్మలో పై అధికారి ఎవడూ నా ఫారాన్ని వేదమనలేదు. విన్నాను. బాగానే ఉంది వినడానికి. అది ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

"టీ తాగి వెళ్ళండి" అన్నాను. "చల్లారిపోతోంది."

ఆయన వెళ్ళాక కోడలు అడిగింది: "నన్నేం చెయ్యమంటారు?"

"నీ సంతకం నీది. నా సంతకం ఆల్రెడీ పెట్టేశాను. పెట్టిన సంతకం కొట్టేసే అలవాటు నాకు లేదు."

మార్చి 7

సంతకం చేసింది.

మార్చి 19

కమిటీ సభ. పొడుగాటి బల్ల, నీళ్ళ సీసాలు, ఒక్కో కుర్చీ ముందు ఒక్కో మైకు. సాక్షిని కాబట్టి నన్ను గోడ పక్కన వరసలో కూర్చోబెట్టారు. ఛైర్మన్‌గా ఒకావిడ ఉంది, ముక్కు మీద కళ్ళజోడు, ఎవరు మాట్లాడుతున్నా కాగితాలే చూస్తుంది.

నవ్వుల డైరెక్టరు లేచాడు. ఈ రిపోర్టు నిర్ణీత ఫారంలో లేదన్నాడు. ప్రొబేషన్లో ఉన్న ఇంజనీరు సొంత పైత్యంతో గడులు గీసుకుని దేశం పరువు తీసిందన్నాడు. మైకు ముందు నవ్వలేదు.

కోడలు లేచి అసలు కాగితం ఆవిడ ముందు పెట్టింది. పచ్చ సిరా చూసి ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుంది. ఫైలు నంబరు రాసుకుని ఎవరినో లోపలికి పంపింది. అయిదు నిమిషాల్లో రిజిస్టరొచ్చింది. ఫారం పదిహేడు, రెండు పేజీలు, ఆమోదం. నిజమే.

"ముప్పై నాలుగేళ్ళుగా ఈ రెండో పేజీ ఎక్కడుంది?" అని అడిగింది.

కోడలు నావైపు చూసింది. తర్వాత మైకు దగ్గరికి వంగి, "పాత ఫైళ్ళలో కలిసిపోయి..." అని మొదలుపెట్టింది.

నాకోసం. అరవై ఒక్క చోట్ల ఒక్క టిక్కు అబద్ధం పెట్టని మనిషి, నాకోసం ఒక అబద్ధం మొదలుపెట్టింది. అది రికార్డులోకి ఎక్కితే, రేపెవడైనా పట్టుకుంటే, ఆ ఇరవై తొమ్మిది కూడా అబద్ధమే అంటాడు.

లేచాను.

"నా పెట్టెలో ఉందండీ."

అందరూ తిరిగారు. మైకు లేదు నా దగ్గర. అవసరం పడలేదు, ఈ గొంతు స్తంభాల మీదున్న లైన్‌మెన్లకు వినిపించిన గొంతు.

"ఫారం పదిహేడు నేను రాశాను. దీపాల కోసం రాశాను. దీపం వెలిగితే దీపం పనిచేసినట్టే. స్క్రీన్ వెలిగితే మాత్రం స్క్రీన్ పనిచేసినట్టు, అంతే. ఛార్జరుకు ఆ ఫారం పనికిరాదు. ఆ సంగతి రాసినవాణ్ణి నేనే చెబుతున్నాను. ఈ రెండో పేజీ కూడా నేనే రాశాను. టైపిస్టు మిషన్లోంచి లాక్కుని ఇంటికి పట్టుకుపోయాను."

"ఎందుకు?"

"పంతం."

"ఎవరి మీద?"

"అడగనివాళ్ళ మీద."

ఆవిడ మొదటిసారి నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "మీరు దాచిన ఈ కాగితం వల్ల ఎంతమంది రోడ్ల మీద ఆగిపోయి ఉంటారో ఆలోచించారా?" అంది.

టాక్సీ కిటికీలోంచి బయటికొచ్చిన ఆ కాళ్ళు కనిపించాయి.

"ఆలోచించానండీ. ఈమధ్యే. తప్పు నాదే."

కూర్చున్నాను. కోడలు ముందుకి చూస్తూ నిలబడే ఉంది. మెడ మాత్రం ఎర్రబడింది.

గంట తర్వాత చదివారు. ఛార్జర్లకు ఫారం పదిహేడు మొదటి పేజీ రద్దు. ఇక మీదట రెండో పేజీయే ఫారం. దేశంలో ఉన్న పన్నెండు వేల నాలుగు వందల స్టేషన్లూ దాని ప్రకారం మళ్ళీ లెక్కపెట్టాలి. ఆ పని ఈ ఇంజనీరే నడపాలి. ప్రొబేషన్ సంగతి ఏప్రిల్ దాకా ఆగాల్సిన పని లేదు.

నా ఒంటి పేజీ పోయింది. పోతున్నప్పుడు ఎదురుగానే ఉన్నాను. అరగంట బాధపడ్డాను, ఎక్కువ కాదు.

మెట్లు దిగుతుంటే చెయ్యి పట్టుకుంది. నాకు చెయ్యి అవసరం లేదు, రోజూ మేడ ఎక్కి దిగుతాను. అయినా విడిపించుకోలేదు. కింద ఎవరో జూనియర్లు గుమిగూడి, ఎవరీ ముసలాయన అని గుసగుసలు పోయారు.

"మా మామయ్య" అంది గట్టిగా. "ఫారం రాసింది ఈయనే."

ఎన్నో బిరుదులు ఊహించుకున్నాను నా జీవితంలో. ఇది అందులో లేదు.

నిజానికి నేనే చెప్పాలనుకున్నాను వాళ్ళకి: మా కోడలు అని. ఈలోగా వాళ్ళు దారి వదిలేశారు. రేపు పేపరు కత్తిరించేటప్పుడు చెబుతాను, అందులో దాని పేరుంటుంది కాబట్టి.

మార్చి 20

పేరు వేశారు. తప్పు లేకుండా. మా వాడే కత్తిరించాడు, గీత వంకరపోయింది.

మధ్యాహ్నం అచ్చు నమూనా పంపించారు, సరిచూడమని. నా మూడు ప్రశ్నలూ, నా గీతలూ, నా కొలతలూ, వీసమెత్తు మార్చలేదు. సరిచూడడానికి ఒకటి నింపి చూడాలి కదా. పెన్ను తీశాను.

తనిఖీ చేసిన వస్తువు: రెండో పేజీ.

ఒకటి. లోడు పెట్టి చూశారా? చూశాను. ముప్పై నాలుగేళ్ళు. పనిచేస్తుంది.

రెండు. ఎదురుచూస్తున్న మనిషి ఏమన్నాడు? అడుగుతానన్నారు, అడగలేదు అన్నాడు. చివరికి కోడలు అడిగింది అన్నాడు.

మూడో గడి దగ్గర ఆగాను. సభలో అన్న మాట సభలో అన్నాను, అబద్ధం కాదు, కోడలి రిపోర్టు నిలబడాలి కాబట్టి గట్టిగానే అన్నాను. ఇక్కడ నేను తప్ప ఎవరూ లేరు. టీ చల్లారిపోయేదాకా ఆ గడి కేసి చూస్తూ కూర్చున్నాను. తర్వాత స్కేలు తెచ్చి కొలిచాను, చీఫ్‌దీ నాదీ రెండు పేర్లు పడతాయేమోనని. పట్టవు. ఆనాడు ఒక్క పేరు పట్టేంతే గీశాను.

రాశాను: వచ్చేఏడు గారు.